పెంచలయ్య బండికి రెండే చక్రాలు

పెంచలయ్య బండి వెనక సగం చచ్చిపోయిందన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. పెంచలయ్యకి అసలే తెలియదు. తెలిసుంటే పాపం, ఆ సగం మీద ముప్ఫై బస్తాల నిమ్మకాయలు వేసుకుని రోజూ గూడూరు మార్కెట్టుకి పోయుండేవాడా? పక్క సీట్లో పెళ్ళాన్ని కూర్చోబెట్టుకునేవాడా?

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకప్పుడు నిమ్మతోటల్లో కూలీలు. అతను కొమ్మలు వంచితే ఆమె కాయలు కోసేది. ముళ్ళు గుచ్చుకోని చోటు ఇద్దరి ఒంటి మీదా లేదు. అట్టా ఏళ్ళ తరబడి కోసీ కోసీ, చివరికి ఒక పాత పికప్పు బండి కొనుక్కున్నారు. అప్పట్నించీ చుట్టుపక్కల ఐదారు ఊళ్ళ తోటల కాయంతా ఆ బండిలోనే పోతుంది. పెంచలయ్య నడుపుతాడు, రవణమ్మ రైతులతో, మార్కెట్టు వాళ్ళతో మాట్లాడుతుంది. మాటంటే అట్టాంటిట్టాంటి మాట కాదు, మార్కెట్టులో తూకం వేసేవాడు ఆమెను చూస్తే ముందు కాటా తుడుచుకుంటాడు.

ఒకరోజు కండలేరు కాలవ దాటగానే గుంటలో పడి బ్యాక్ యాక్సిల్ హౌసింగు ఫట్‌మంది. వెనక ఇరుసు మొత్తం పాడు. కొత్తది వేయిద్దామంటే ఆ మోడలు బండ్లు కంపెనీ వాళ్ళు మానేసి ఏళ్ళయింది. పెంచలయ్య నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకన్నా అంత దిగులు?" అన్నాడు మెకానిక్కు మస్తాను. "అదే కంపెనీ వాళ్ళ ఎస్‌యూవీ ఒకటి తుక్కు దుకాణంలో పడుండాది. దాని ఇరుసూ నీ బండి ఇరుసూ అక్కాచెల్లెళ్ళు. కూర్చోబెట్టే పూచీ నాది."

మస్తాను మాటంటే మాటే. ఎస్‌యూవీకి వెనకాల స్ప్రింగు చుట్టలుంటాయి, పికప్పుకి కమాన్ పట్టీలు. చుట్టలు కూర్చునే కప్పుల్ని గ్రైండరుతో కోసేసి, కమాన్లు కూర్చోడానికి కొత్త పీటలు వెల్డింగు చేశాడు. పీట ఏమాత్రం వంగినా ఇంజను నించి ఇరుసుకొచ్చే షాఫ్టు గోల పెడుతుందని మట్టం పెట్టి మూడుసార్లు చూసుకున్నాడు. షాఫ్టుని లేతు దగ్గరికి తీసుకుపోయి సరైన పొడవుకి చేయించాడు. బ్రేకు పైపులు కొత్తవి వేశాడు. చక్రాలు మటుకు పెంచలయ్య బండివే. మూడో రోజుకి బండి రోడ్డెక్కింది. రెండు నెలలు తిరిగింది, ఒక్క కూత కూయలేదు. "పాతదాని కంటే ఇదే మేలుగా ఉండాదయ్యా" అని రవణమ్మ కూడా ఒప్పుకుంది. ఆమె చేత ఒప్పించడం కన్నా ఇరుసు మార్చడం తేలిక.

ఇంతలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకి గడువొచ్చింది. అందరూ ఎఫ్సీ అంటారు. అది లేకపోతే సరుకు బండి రోడ్డెక్కకూడదు. సరిగ్గా నిమ్మకాయకి గిరాకీ ఉన్న ఎండాకాలం. పొద్దున ఒక గంటలో అయిపోయే పనే గదా అని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఖాళీ బండేసుకుని టౌనులో రవాణా ఆఫీసుకి పోయారు.

వాళ్ళ ఖర్మ కాకపోతే, అంతకు పది రోజుల ముందే ఆ ఆఫీసులో ఒక మహోద్యమం మొదలైంది. గేటుకి పెద్ద బ్యానరు కట్టారు: "ప్రతి భాగానికీ ఒక పుట్టుక, ప్రతి భాగానికీ ఒక చావు. మృత వాహన విముక్త పక్షోత్సవాలు." పాతబడి తుక్కయిపోయిన బండ్లు దొంగతనంగా మళ్ళీ రోడ్డెక్కకుండా, బండిలో పెద్ద పెద్ద భాగాల నంబర్లన్నీ కంప్యూటరుకి ఎక్కించాలట. ఏ భాగం బతికుందో, ఏది పోయిందో కంప్యూటరే చెబుతుంది. ఆఫీసంతా ఉత్సాహంతో ఊగిపోతోంది. అటెండరు కూడా తన సైకిలు పెడలు మీద నంబరుందేమోనని వెతుక్కుంటున్నాడు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు చిదంబరరావు గారు మంచి మనిషి. బండిని తనే నడిపి చూశారు. బ్రేకు తొక్కారు, గేర్లు వేశారు, కిందికి వంగి వెల్డింగు చూశారు.

"ఎవరయ్యా ఈ పని చేసింది?" అన్నారు.

పెంచలయ్య చేతులు కట్టుకున్నాడు. "మస్తాననీ, మా మెకానిక్కు సామీ."

"వాడి చేతికి కడియం తొడగాలయ్యా! బండి బంగారంలా ఉంది. ఇట్టాంటి బ్రేకు నా సర్వీసులో చూడలేదు" అంటూనే ఇరుసు మీద చెక్కిన నంబరు చదివి ఫోన్లో కొట్టారు. ఫోను కుయ్యిమంది. ఆయన మొహం వాడిపోయింది. టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు.

"ఏంది సామీ?" అంది రవణమ్మ.

"పోయిందమ్మా" అన్నారు ఆయన గొంతు తగ్గించి. "జనవరి పద్దెనిమిదో తేదీన పోయింది. ఎస్‌యూవీని తుక్కు చేసినట్టు సర్టిఫికెట్టు ఇచ్చేశాం. మొత్తం బండి చచ్చిపోతే అందులో ఇరుసు ఒక్కటి బతికుండటానికి వీల్లేదు."

"బతికుండటమేంది సామీ, ఇప్పుడేగా మీరు దాని మీద తిరిగొచ్చారు!"

"నేను తిరిగినంత మాత్రాన అది బతికున్నట్టు కాదమ్మా. నాకు కంటితో చూసి నమ్మే అధికారం లేదు."

సంగతి పెద్ద గుమాస్తా శేషఫణి గారి బల్ల దగ్గరికి పోయింది. ఆఫీసులో అధికారులు వస్తారు పోతారు, శేషఫణి గారు మాత్రం పాతికేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నారు. రూలు పుస్తకంలో ఏ పేజీ చిరిగిందో కూడా ఆయనకి కంఠతా వచ్చు. కళ్ళజోడు సవరించుకుని, బండి కాయితాలు రెండుసార్లు తిరగేసి, ప్రశాంతంగా అడిగారు.

"సదరు వాహనమునకు ప్రస్తుతము బతికి ఉన్న చక్రములు ఎన్ని?"

"నాలుగు సామీ. చక్రాలు నావే. ఇరుసొకటే మార్చింది."

"మరణించిన ఇరుసుకి తగిలించిన చక్రం తిరిగినప్పటికీ తిరిగినట్టు కాదు. కాబట్టి ముందువి రెండు. అవునా?"

చిదంబరరావు గారు తల ఊపారు.

"రెండు చక్రములు గల మోటారు వాహనమును ఏమందురు?"

శేషఫణి గారే కంప్యూటరులో ఒక మీట నొక్కారు. పెంచలయ్య పికప్పు బండి ద్విచక్ర వాహనమైపోయింది.

"అయ్యా, స్టెప్నీ ఒకటుండాది గదా, దాన్ని కూడా లెక్కేసుకోండి" అంది రవణమ్మ, ఆటో అన్నా అవుతుందేమోనని.

"స్టెప్నీ బతికే ఉన్నదమ్మా. కాని సర్వీసులో లేదు" అన్నారు శేషఫణి గారు. "ద్విచక్ర వాహనముగా తగు ఏర్పాట్లు చేసుకుని వస్తే ఎఫ్సీ విషయము పరిశీలించెదము. అంతవరకు బండి మా ఆవరణలోనే ఉంటుంది. తాళాలు ఇటివ్వు."

తాళాలు ఆయన సొరుగులోకి పోయాయి. ఆ సాయంత్రమే రైతులు ఫోన్ల మీద ఫోన్లు. కాయ పండిపోయి రాలిపోతోంది, శనివారం దాకా చూస్తాం, ఆ తర్వాత వేరే బండి మాట్లాడుకుంటాం, ఏమీ అనుకోవద్దు అన్నారు. ఒకసారి వేరే బండి తోటలోకొచ్చిందంటే మళ్ళీ ఇతన్ని ఎవడు పిలుస్తాడు? అప్పుడిక బండి నట్టింట్లో పెట్టుకుని, గంపలు తీసుకుని మళ్ళీ కూలికి పోవడమే.

"పోతే పోదాంలే" అన్నాడు పెంచలయ్య నీరసంగా.

"నువ్వు పో. నేను పోను" అంది రవణమ్మ. "టూ వీలరంటే టూ వీలరే. ఏమేం కావాలంటారో పెట్టించి వాళ్ళ మొహాన కొడదాం."

మర్నాడు పొద్దున్నే మస్తాను పనిముట్ల సంచీ వేసుకుని ఆఫీసు ఆవరణలోకే వచ్చాడు. ముందు హెల్మెట్లు రెండు కొన్నారు. వెనకాల ఆడమనిషి కూర్చునే ద్విచక్ర వాహనానికి చీర చక్రంలో పడకుండా సారీ గార్డుండాలన్నారు. మస్తాను బండి ఎడమపక్క తలుపు కింద ఇనప జల్లెడలాంటిది ఒకటి వెల్డింగు చేశాడు. కాళ్ళు పెట్టుకోడానికి మడత పెడళ్ళు బిగించాడు. సైడు స్టాండుకి రైలుపట్టా ముక్క వాడాడు. ఇరవయ్యేళ్ళ పనిలో ఇట్టాంటి పని చేయలేదని పళ్ళు కొరుక్కుంటూనే, అతుకులు మాత్రం ముచ్చటగా వేశాడు. పని చెడగొట్టడం అతనికి చేతకాదు.

చిదంబరరావు గారు స్టాండు వేయించి చూశారు. పెదవి విరిచారు.

"బండి నిటారుగా ఉందే! సైడు స్టాండు వేస్తే ఎడమపక్కకి ఒరగాలని రూలు."

"నాలుగు చక్రాల మీద నిలబడ్డది ఎట్టా ఒరుగుతుంది సార్?"

"ఎన్ని చక్రాలు?"

మస్తాను నాలుక కరుచుకున్నాడు. నేరుగా పోయి ఎడమపక్క టైర్ల గాలి తీసేశాడు. బండి వినయంగా ఎడమపక్కకి ఒరిగింది. ఇన్‌స్పెక్టరు గారు సంతోషంగా టిక్కు పెట్టుకున్నారు. మళ్ళీ గాలి కొట్టుకునేసరికి మధ్యాహ్నం అయింది.

తర్వాత ఎనిమిది కొట్టాలన్నారు. స్కూటర్ల వాళ్ళు లైసెన్సు కోసం ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతారే, ఆ ట్రాకు మీద. ఆ కాసేపటికి మటుకే తాళాలిచ్చారు. పెంచలయ్య హెల్మెట్టు పెట్టుకుని, పట్టీ బిగించుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన రవణమ్మ హెల్మెట్టు పెట్టుకుని, చీర గార్డు వైపుకి సర్దుకుని, ఒక పక్కకి తిరిగి కూర్చుంది. లైసెన్సుల కోసం వచ్చిన జనమంతా గోడెక్కి చూస్తున్నారు. ఒకాయన ఈలేశాడు.

బండి ఎనిమిది కొట్టింది. ట్రాకు అంచున పేర్చిన ఇటుకలు ఒక్కటీ మిగల్లేదు గాని, రూల్లో ఇటుకల మాట లేదు. కాలు నేలకి ఆనకూడదన్న మాట ఉంది.

"భేష్!" అన్నారు చిదంబరరావు గారు. "పొద్దుట్నించీ నలభై మంది కొట్టారు. ఒక్కసారైనా కాలు కింద పెట్టనివాడు నువ్వొక్కడివేనయ్యా!"

రవణమ్మ హెల్మెట్టులోంచే నవ్వింది. ఇక తాళాలు తీసుకుని తోటల్లోకి పోవడమే అనుకున్నారు. కాయితం శేషఫణి గారి దగ్గరికి పోయింది.

"ద్విచక్ర వాహనముగా ఉత్తీర్ణులైనందుకు అభినందనలు" అన్నారాయన. "చోదకుడు, వెనక ఒక మనిషి. సరుకు మాత్రం కాళ్ళ మధ్య పట్టునంతవరకే. సుమారు ఒక బస్తా."

పెంచలయ్య అక్కడే కూలబడ్డాడు. ముప్ఫై బస్తాలు తీసుకుపోయే బండి ఒక్క బస్తాతో గూడూరు పోయి రావాలంటే, రోజుకి ముప్ఫైసార్లు తిరగాలి. సాయంత్రానికి నాలుగోసారి కూడా పూర్తి కాదు.

అతని కళ్ళల్లో నీళ్ళు చూసి శేషఫణి గారు కరిగిపోయారు. ఆయనా మనిషే గదా! పుస్తకం తీసి ఒక దారి వెతికారు. "ఒక ఉపాయం ఉన్నదయ్యా. మృత భాగమును మోసుకుని తిరుగు వాహనమును అంతిమయాత్ర వాహనముగా నమోదు చేయవచ్చు. పన్ను మినహాయింపు కూడా ఉన్నది. ఎవ్వరూ ఆపరు. దారిలో అందరూ దండం పెట్టి పక్కకి తప్పుకుంటారు."

"శవాల బండా?" రవణమ్మ లేచి నిలబడింది. "శవాల బండిలో పోయిన నిమ్మకాయ ఎవడు కొంటాడయ్యా? మీ ఇంట్లో పప్పులోకి పిండుకుంటారా?"

"అమ్మా, తినుబండారములు అందులో వేయుట ఎటూ నిషేధమే" అన్నారాయన నొచ్చుకుంటూ. "మంచికి పోతే ఇట్టాగే ఉంటుంది. సరే, డిప్యూటీ మేడం గారి విచారణకి పెడతాను. శుక్రవారం రండి."

శుక్రవారం. ఒక్క రోజే మిగిలింది. పెంచలయ్య ఉతికిన పంచె కట్టుకుని, మస్తానుని వెంటబెట్టుకుని, రవణమ్మతో పాటు డిప్యూటీ కమిషనరు హైమవతి గారి గదిలో నిలబడ్డాడు. పక్షోత్సవాల ఆలోచన హైమవతి గారిదే. గోడ మీద పెద్ద బొమ్మ వేయించారు, ఒక బండిని ముక్కలు ముక్కలుగా గీసి, ప్రతి ముక్క పక్కనా పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఆమె మాటలు మెత్తగా ఉంటాయి. ఎవరినీ విసుక్కోరు. అందువల్ల ఆమె ముందు ఏమీ అనడానికి లేకుండా పోతుంది.

"మీ ఇబ్బంది నాకు అర్థమైంది పెంచలయ్య గారూ" అన్నారు. "వ్యవస్థ అనేది ప్రజల కోసమే. ఇరుసు బలంగా ఉందని ఇన్‌స్పెక్టరు గారి నోటులో స్పష్టంగా ఉంది. దాని నాణ్యత మీద మాకు ఎలాంటి అనుమానమూ లేదు. కేవలం అది జీవించి లేదు. అంతే."

"అమ్మా, అది ఇనుము" అన్నాడు మస్తాను. "ఇనుముకి చావేంది, పుట్టుకేంది?"

"ఆ దృక్పథమే మారాలి" అన్నారు హైమవతి గారు, గోడ మీది బొమ్మ చూపించి. "పోయినదాంట్లోంచి ఒక భాగం తీసి బతికున్నదానికి పెడితే అది బతికున్నట్టని ఎక్కడైనా ఉందా? ఒక్క ఉదాహరణ చూపించండి. ఇప్పుడే సంతకం పెడతాను."

పెంచలయ్య అంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. ఆ మాటతో తలెత్తాడు. ఏమనిపించిందో ఏమో, రెండడుగులు ముందుకొచ్చి ఆమె బల్ల మీదికి వంగాడు.

"నా ఎడమ కన్ను చూడండమ్మా" అన్నాడు.

హైమవతి గారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు.

"పన్నెండేళ్ళ కింద నిమ్మ ముల్లు గుచ్చుకుని ఈ కంట్లో పువ్వు పడింది. చూపు పోయింది. మా ఊళ్ళో లూర్దమ్మ టీచరని ఉండేది. నాకూ రవణమ్మకీ అ ఆలు దిద్దించింది ఆమె. పోతా పోతా కళ్ళిచ్చి పోయింది. ఆసుపత్రోళ్ళు ఎవరిదని చెప్పలేదు గాని, ఆమె పోయిన మర్నాడే నన్ను పిలిచి వేశారు. ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ తల్లి పోయిందమ్మా, మట్టిలో కలిసిపోయింది. ఆమె కన్ను పోలేదు. ఈ కంటితోనే నేను బండి నేర్చుకున్నా. ఈ కంటితోనే మీ ఆఫీసులో లైసెన్సు తీసుకున్నా. ఇప్పుడు మిమ్మల్ని చూస్తుండా గదా! ఇది చచ్చిన కన్నా? చెప్పండమ్మా, చచ్చిన కన్ను నీళ్ళు పెట్టుకుంటుందా?"

రెండు కళ్ళ వెంటా నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. చిదంబరరావు గారు మళ్ళీ టోపీ తీసేశారు. రవణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హైమవతి గారు కళ్ళజోడు తీసి, రుమాలుతో కళ్ళొత్తుకున్నారు. నిజంగానే కదిలిపోయారు. అందులో నటనేమీ లేదు.

"రాసుకోండి శేషఫణి గారూ" అన్నారు గొంతు సవరించుకుని. "దాత మరణించినప్పటికీ, దానం చేయబడిన భాగము తన పూర్వ గుర్తింపుతో సహా జీవించి ఉన్నట్టే పరిగణించవలెను. సదరు ఇరుసు ఎస్‌యూవీ ఇరుసుగానే పికప్పులో జీవించి ఉన్నది. కావున బండికి నాలుగు చక్రములు. ఎఫ్సీ మంజూరు."

టక్కున సంతకం పెట్టేశారు. మస్తాను ఎగిరి గంతేశాడు. పెంచలయ్య వంగి ఆమె బల్లకి దండం పెట్టాడు. రవణమ్మ అక్కడికక్కడే ఫోను తీసి, "రేపు పొద్దున్నే వస్తుండాం, కాయ కోయించి పెట్టండి" అని ముగ్గురు రైతులకి చెప్పేసింది. చిదంబరరావు గారైతే పెంచలయ్య భుజం తట్టి, మస్తాను ఫోను నంబరు రాసుకున్నారు. ఆయన బండి కూడా వెనకాల మూలుగుతోందట.

ఎఫ్సీ కాయితం చేతికొచ్చింది. స్టాంపులు పడ్డాయి. తాళాల కోసం పెంచలయ్య చెయ్యి చాచాడు. శేషఫణి గారు తన సొరుగులోంచి తెచ్చిపెట్టుకున్న తాళాలు తీశారు, ఇవ్వబోతూ ఆగారు.

"మేడం, చిన్న సందేహం" అన్నారు. "భాగము తన పూర్వ గుర్తింపుతో సహా జీవించి ఉన్నదని తమరు ఉత్తర్వు ఇచ్చారు."

"అవును."

"ఆ లెక్కన పెంచలయ్య గారి ఎడమ కన్ను లూర్దమ్మ గారిది."

"అవును, పాపం!"

"లూర్దమ్మ గారికి డ్రైవింగు లైసెన్సు ఉన్నదా?"

పెంచలయ్యకి ముందు అర్థం కాలేదు. "టీచరమ్మకా? ఆమె జన్మలో సైకిలు కూడా తొక్కలేదు సామీ. నడిచే వచ్చేది బడికి."

అన్నాక అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గాని, మాట అప్పటికే గది దాటిపోయింది. శేషఫణి గారు విచారంగా తలూపారు. హైమవతి గారు కుర్చీలో వెనక్కి వాలి, గోడ మీది బొమ్మ వైపు చూశారు. అక్కడ ఆమెకి ఏ సహాయమూ దొరకలేదు.

"అంటే ఇన్నేళ్ళుగా ఆ కన్ను..."

"లైసెన్సు లేకుండా నడుపుతున్నది మేడం. అందునా సరుకు బండి."

"బండి టూ వీలరుగా ఉన్నప్పుడైతే కొంత సర్దుకునేవాళ్ళం" అన్నారు చిదంబరరావు గారు బాధగా. "లెర్నింగు లైసెన్సుతో అయినా పోయేది."

అయిపోయింది. పెంచలయ్య కుడి కంటికి లైసెన్సు ఉంది, ఎడమ కంటికి లేదు. ఒంటి కంటి మనిషికి సరుకు బండి ఇవ్వకూడదన్న రూలు ఎప్పట్నించో ఉంది, అది పక్షోత్సవాలకి ముందునాటి రూలు. లైసెన్సు ఎడమ కంటి మేరకు సస్పెండు చేశారు. కీర్తిశేషులు లూర్దమ్మ గారు పదిహేను రోజుల్లోగా స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవలెనని నోటీసు టైపు చేయించారు. చిరునామా తెలియదు గనక పెంచలయ్య కేరాఫ్ అన్నారు.

పెంచలయ్య ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నిలబడ్డాడు, ఎవరో దాన్ని కూడా సొరుగులో పెట్టుకుంటారన్నట్టు. "నావల్ల ఆ తల్లికి చెడ్డపేరొచ్చిందే" అని మటుకు గొణుక్కున్నాడు.

ఆ మాట విన్నాక రవణమ్మ అంతసేపూ నొక్కిపెట్టుకున్న కోపం నెత్తికెక్కింది. మొగుడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది. నోటీసు తీసి మడిచి జాకెట్లో దోపుకుంది. నేరుగా పోయి శేషఫణి గారి బల్ల ముందు నిలబడింది.

"అయ్యా, బండి బాగానే ఉంది గదా?"

"ఏ లోపమూ లేదమ్మా. నిక్షేపంగా ఉంది."

"నడిపే మనిషొకరు కావాల. అంతే గదా?"

"అంతే."

"నా చెయ్యి తిరిగేదాకా మస్తాను తోలుకుపోతాడు, అతనికి లైసెన్సుంది, కళ్ళు రెండూ అతనివే. రేపట్నించి నేను నేర్చుకుంటా. నాకు లెర్నింగు లైసెన్సు రాయండి."

"నువ్వా?" అన్నాడు బెంచీ మీంచి పెంచలయ్య.

"నేనే. పక్కన కూర్చుని తొమ్మిదేళ్ళుగా నీకు గేరెప్పుడు మార్చాలో చెప్పింది ఎవరు?"

శేషఫణి గారు ఫారం తీశారు. పేరు, తండ్రి పేరు, వయసు రాసుకున్నారు. తర్వాత కలం ఆపి, అప్పటికప్పుడు కొత్తగా చేర్చిన గడి దగ్గరికొచ్చారు. దాన్ని చదవడానికి ఆయనకే కొంచెం మొహమాటంగా ఉన్నట్టుంది.

"దరఖాస్తుదారు శరీరముపై ఇతరులకు చెందిన భాగములేమైనా ఉన్నచో వివరములు."

"ఏమీ లేవు. అన్నీ మా అమ్మ కన్నవే."

ఆయన సరేనని రాయబోయారు. రాయబోతూ కళ్ళజోడు పైనించి ఒకసారి చూశారు. రవణమ్మ జడ నడుం దాటి వేలాడుతోంది. చెవుల దగ్గర వెంట్రుకలు మాత్రం పల్చగా, అక్కడక్కడా నెరిసి ఉన్నాయి.

"అమ్మా, ఏమీ అనుకోవద్దు" అన్నారాయన. "ఆ జడ పూర్తిగా మీదేనా?"

గది తలుపు దగ్గర నిలబడ్డ హైమవతి గారు, చిదంబరరావు గారు, గోడ దగ్గర క్యూలో ఉన్న జనం, అందరూ ఆమె జడ వైపే చూశారు. మస్తాను తల వంచుకున్నాడు. ఇరవయ్యేళ్ళ సంసారంలో పెళ్ళాం సవరం సంగతి పెంచలయ్య ఎవరి ముందూ ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు, గోడ వైపు తిరిగాడు.

రవణమ్మ ఎవరి వైపూ చూడలేదు. రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, జడ విప్పి, సవరం లాగి, శేషఫణి గారి రూలు పుస్తకం మీద పెట్టింది. మూరెడు పొడుగున నల్లగా నిగనిగలాడుతూ ఉంది.

"ఏ కొండ మీద ఎవరిచ్చుకున్న తలనీలాలో నాకు తెలియదు" అంది. "ఆమెకి లైసెన్సు ఉండిందో లేదో తీరిగ్గా మీరే కనుక్కోండి. నోటీసు ఇవ్వాలంటే దానికే ఇచ్చుకోండి."

మిగిలిన నాలుగు వెంట్రుకలూ వేలికి చుట్టి పిలక లాంటి ముడేసుకుంది. కలం ఆయన చేతిలోంచి తీసుకుని, ఆ గడిలో తనే అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం పెట్టింది. పెద్ద అక్షరాలు, లూర్దమ్మ టీచరు దిద్దించినవే.

"ఇంగ ఆ తాళాలియ్యి" అంది. "కాయ రాలిపోతుండాది."